పదిహేనా, పందొమ్మిదా

ఇంజను గర్జిస్తూనే ఉంది, పడవ మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. పోయిన శుక్రవారం సౌదీలోని రాస్ తనూరా తీరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, ఆరేళ్ళ హాసినితో కలిపి ఏడుగురు మనుషులు రెండు గంటల పాటు ఎండలో ఊగుతూ కూర్చున్నారు. చివరికి వేట ముగించుకుని వస్తున్న బంగ్లాదేశీ జాలర్లు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. గట్టు మీద కాలు పెట్టగానే పడవ యజమాని అమర్నాథ్ తీర్పు చెప్పేశాడు. నడిపింది హరనాథ్ కాబట్టి పాడుచేసిందీ హరనాథే. "థ్రాటిల్ అంత మొరటుగా లాగితే ఏ ప్రొపెల్లర్ మాత్రం ఉంటుందయ్యా? కొత్తది నువ్వే కొనిపెట్టు" అన్నాడు అందరి ముందూ. హరనాథ్ గంగిరెద్దులా తల ఊపాడు.

ఆ తల ఊపడం అతని భార్య సువర్చల కళ్ళ ముందు నుంచి వారమైనా పోలేదు. వాంతులు చేసుకుని తన ఒళ్ళో వాడిపోయి పడుకున్న కూతురు కూడా ఆమెకు అంతగా గుర్తు రావడం లేదు. భర్త తల గుర్తొస్తోంది.

గురువారం పొద్దున తొమ్మిదికే వేడి మొదలైంది. పాపను పక్కింటి ఫర్హీన్ దగ్గర వదిలి ఇద్దరూ బయల్దేరారు. చేపల రేవు వెనక సందులో, పడవ ఇంజన్లు బాగుచేసే గౌస్ మొహిద్దీన్ షెడ్డు ముందు హరనాథ్ కారు ఆపాడు.

"నువ్వు కార్లోనే కూర్చో. ఏసీ ఉంచుతాను. లోపలంతా ఆయిలూ వాసనా" అన్నాడు.

"కొనేది మనమైతే ఎంచుకునేదీ మనమే. పదండి" అని ఆమె ఒంటిమీది నల్ల అబాయా సర్దుకుని దిగింది.

షెడ్డులో అమర్నాథ్ అప్పటికే ఉన్నాడు. అక్కడున్న ఒకే ఒక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. కంపెనీలో అడ్మిన్ మేనేజర్. ఉద్యోగుల ఇఖామాలూ, అంటే నివాస అనుమతి కార్డులూ, పాస్‌పోర్టులూ ఆయన బీరువాలో ఉంటాయి. నాలుగేళ్ళ కిందట హరనాథ్‌కు వీసా ఇప్పించి తెచ్చింది ఆయనే. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు, ఎవర్నీ మరిచిపోనివ్వలేదు. ప్రతి శుక్రవారం పడవ కడిగేది, పెట్రోలు పోసేది, నడిపేది హరనాథే.

సువర్చలను చూసి ఆయన లేవలేదు. "ఏమ్మా, నువ్వూ వచ్చావా? సంచీ వీడొక్కడే మోయలేడనా?"

"మోయడం ఆయనకు బాగా అలవాటే అన్నయ్యగారూ. మోస్తున్నది ఎవరి బరువో చూసిపోదామని వచ్చాను."

అమర్నాథ్ నవ్వాడు. పనిమనిషి కూతురు ఇంగ్లీషు పద్యం చెబితే నవ్వే నవ్వు అది. గౌస్ వైపు తిరిగి, "ఆ గోడకున్న స్టీల్‌ది దింపు. పందొమ్మిది. రేపు జి.ఎం. ఫ్యామిలీని తీసుకెళ్తున్నాను. బోటు దూసుకుపోవాలి. జి.ఎం. టోపీ ఎగిరిపోవాలి" అన్నాడు.

గౌస్ మొహిద్దీన్‌ది ప్రొద్దుటూరు. ఇరవై ఏళ్ళుగా ఇదే రేవులో ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ నిదానంగా, "ఎగిరేది టోపీ కాదు సార్. గేర్ బాక్సు" అన్నాడు.

"నిన్ను సలహా అడగలేదు."

"అడగలేదు గానీ, పొయ్యిందంటే మళ్ళా నా కాడికే తెస్తారు. ఈ ఇంజను వయసు పదైదేండ్లు. ఈ నీళ్ళ కింద అంతా రాళ్ళు. అల్యూమినియం పంఖా అయితే రాయికి తగిలినప్పుడు రెక్క వంగిపోతాది, లోపల గేర్లు బతుకుతాయి. స్టీలు వంగదు. ఆ దెబ్బంతా గేర్లు తింటాయి. ముసలోడికి ఇనప పండ్లు కట్టిచ్చినట్లు. నమిలేదానికి దవడ ఉండాల గదా."

"పందొమ్మిది అంటే ఏంటి?" అంది సువర్చల.

"ఆవిడకెందుకయ్యా ఇదంతా" అని అమర్నాథ్ చెయ్యి ఊపాడు. "హరనాథూ, మీ ఆవిణ్ణి కార్లో కూర్చోబెట్టు. చమటలు పడుతున్నాయి పాపం."

హరనాథ్ భార్య వైపు చూశాడు. ఆమె భర్త వైపు చూసిన చూపుకు అతను మళ్ళీ గోడ వైపు తిరిగాడు. గోడ మీద వరసగా మేకులకు వేలాడుతున్న ప్రొపెల్లర్లను, మొదటిసారి చూస్తున్నట్టు ఒక్కొక్కటే చూడసాగాడు.

గౌస్ మాత్రం ఆమెకే చెప్పాడు. "ఒక్క చుట్టు తిరిగితే నీళ్ళలో ఎన్ని అంగుళాలు ముందుకు తోస్తాదో ఆ లెక్కమ్మా. పదైదంటే పదైదు అంగుళాలు, పంతొమ్మిదంటే పంతొమ్మిది. ఎక్కువుంటే బిరీన పోతాదనుకుంటారు. ఇంజనుకు శక్తుండాల గదా. మనుషుల్నెక్కించుకోని పంతొమ్మిదేస్తే, ఘాట్ రోడ్డులో లారీ టాప్ గేర్లో ఎక్కినట్లు. మూలుగుతాది. అంగుళం పెరిగితే చుట్లు రెండు నూర్లు తగ్గుతాయి, నిమిషానికి."

సువర్చల పెళ్ళికి ముందు తెనాలిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేది. ఈ దేశానికొచ్చిన రెండేళ్ళలో ఆమెను ఎవరూ అడిగిన లెక్క లేదు, బియ్యం ఎన్ని కప్పులు అని తప్ప. పోయిన శుక్రవారం సముద్రం మీద చేయడానికేమీ లేక, ఆమె ఇంజను చుట్లు చూపించే ముల్లునే చూస్తూ కూర్చుంది.

"శీతాకాలంలో వెళ్ళినప్పుడు ముల్లు అయిదు వేల రెండొందల దాకా వెళ్ళేది" అంది. "పోయిన వారం ఎంత లాగినా నాలుగు వేల నాలుగొందలు దాటలేదు. ఆగిపోకముందు మాట చెబుతున్నాను. ఇంజను అదే. నడిపిన మనిషీ ఆయనే. మరి ఎనిమిదొందలు ఎక్కడికి పోయాయి?"

"నాలుగు వేల నాలుగొందలా?" గౌస్ కళ్ళద్దాలు నుదుటి మీంచి దించుకున్నాడు. "నేను జనవరిలో కొత్తగా ఏసిచ్చింది పదైదు. దానికి అయిదు వేల పైన రావాల్సిందే."

"లుక్, వేలు, అంగుళాలు..." అమర్నాథ్ వాచీ చూసుకున్నాడు. "నాకు పది గంటలకు వేరే పనుంది. స్టీల్‌ది బిగించు గౌస్. మీ లెక్కల క్లాసు తర్వాత పెట్టుకోండి."

గౌస్ ఆ మాట విననట్టే బల్ల కింద గోనెసంచిలోంచి పాడైన ప్రొపెల్లర్‌ను తీశాడు. మూడు రెక్కల్లో ఒకదాని అంచు ఎప్పుడో విరిగి వెల్డింగుతో అతికించి ఉంది. నడిమి భాగంలో ఉండే రబ్బరు చెయ్యి పెట్టి తిప్పితేనే జారిపోతోంది. లోపల ఇరుసు తిరుగుతుంటే పైన రెక్కలు ఊరికే నిలబడ్డాయి. ఆ రోజు పడవ కదలకపోవడానికి కారణం అదేనని చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. గౌస్ కిరసనాయిలు గుడ్డతో రెక్క మొదలు దగ్గర మసి తుడిచాడు. అంకె బయటపడింది. పందొమ్మిది.

"ఇది నేనేసింది కాదు" అన్నాడు.



"రేవులో ఎవడో మార్చేసి ఉంటాడు" అన్నాడు అమర్నాథ్. "కొత్తది కొట్టేసి పాతది తగిలించి పోయుంటాడు. ఇక్కడ దొంగలకు కొదవా?"

"దొంగోడైతే ఎత్తుకపోతాడు సార్. ఇంకోటి తెచ్చి, వాషర్లేసి, నట్టు బిగించి, సలాం చెప్పి పోతాడా?"

సువర్చలకు ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. "అన్నయ్యగారూ, ఆ దొంగ ఎవరో గానీ మీ మనసు తెలిసినవాడు. మీకు కావలసిన పందొమ్మిదే తెచ్చాడు. అది విరిగి అతికిందని మాత్రం చూసుకోలేదు. ఏడుగురి ప్రాణాలతో జి.ఎం. టోపీ ఎగరేసే రిహార్సల్ వేసుకున్నారన్నమాట. తప్పు మా ఆయన చెయ్యి మీదకు తోసి, కొత్తది మా చేత కొనిపించి, రేపు మళ్ళీ అదే అంకె."

"అమ్మాయ్, మాట జాగ్రత్త."

"జాగ్రత్తగానే అంటున్నాను. మీరెంత చిన్నమనిషో ఇంతకన్నా జాగ్రత్తగా చెప్పడం నాకు రాదు."

అమర్నాథ్ మొహం మాడలేదు. విసుగ్గా హరనాథ్ వైపు చూశాడు, కుక్క అరుస్తుంటే యజమాని వైపు చూసినట్టు.

అప్పుడే గౌస్ సంచి అడుగునుంచి ఇంకో వస్తువు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "నట్టు ఊడకుండా పిన్ను ఏస్తామమ్మా. ఇది పిన్ను కూడా కాదు, స్టీలు తీగ. ఏసినోడు ఎవురో గానీ పనిమంతుడు. చూడు, ఎంత నీటుగా మెలేసినాడో."

సన్నటి తీగ రెండు పోగులుగా, జడ అల్లినంత సమంగా మెలి తిరిగి ఉంది. చివర గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది.

సువర్చల దాన్ని చూసింది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పిడికి అదే మెలిక. హాసిని సైకిలు బుట్టకు అదే మెలిక. బాత్రూం అద్దానికి అదే. ప్లాంటులో మీటర్లకు తీగ అలాగే కడతారనీ, కొస అలా మడవకపోతే తర్వాత వచ్చేవాడి వేలు తెగుతుందనీ, ఒక సాయంత్రం హరనాథే ఆమెకు వివరించి చెప్పాడు.

"నేనే వేశాను" అన్నాడు హరనాథ్, గోడ వైపు చూస్తూనే.

"వేశాడు" అని అమర్నాథ్ ఒప్పుకున్నాడు, తొణక్కుండా. "నేను వెయ్యమన్నాను, వేశాడు. నచ్చకపోతే వెయ్యనని ఉండాల్సింది. నోరుంది కదా. ఎందుకు అనలేకపోయాడో తీరిగ్గా అడిగి తెలుసుకోమ్మా. నన్ను చిన్నమనిషన్నావు. ఇంట్లో ఉన్న మనిషి కొలత ఎంతో కూడా చూసుకో."

సువర్చల బయటికి నడిచింది.

కార్లో హరనాథ్ తాళం తిప్పలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎప్పుడు?" అంది ఆమె.

"మూడు వారాలైంది. ఎవరో ఇక రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద సొంతూరు వెళ్ళిపోతూ ఆయనకు ఇచ్చిపోయారు. పందొమ్మిది వేస్తే బాగా స్పీడొస్తుందని చెప్పారట. నేను వద్దన్నాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"ఒకసారి వద్దన్నారు. తర్వాత హాసినిని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. లైఫ్ జాకెట్ బిగించింది కూడా మీరే. ఆ తీగ కట్టిన చేత్తోనే."

"సువర్చలా, నేను బి.టెక్ పూర్తి చెయ్యలేదు."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"మూడు సబ్జెక్టులు ఉండిపోయాయి. పెళ్ళిచూపుల్లో పూర్తయిందని మా నాన్న అనేశాడు. నేను కాదనలేదు. ఇక్కడికి టెక్నీషియన్ వీసా మీద వచ్చాను. ఆ ఇఖామా మీద ఫ్యామిలీని తెచ్చుకోనివ్వరు. ఇంజనీర్ అని ఉండాలి. నిన్నూ పాపనూ..."

"మా మీదకు తొయ్యకండి."

"తొయ్యడం లేదు. అమర్నాథ్ గారు ఎవరితోనో చెప్పి సర్టిఫికెట్ చేయించి తెప్పించారు. ఇప్పుడు కంపెనీ ఇంజనీర్లందరి సర్టిఫికెట్లూ వెరిఫికేషన్‌కు పంపుతోంది. శనివారం నుంచి. ఆ జాబితా తయారుచేసేది ఆయనే. నా పేరు రాకుండా చూస్తానన్నాడు."

"దానికి బదులు మీరేం చెయ్యాలి?"

"ఆయన ఏం చెబితే అది."

మా నాన్న మీ నాన్నను మూడుసార్లు అడిగాడు, అందామనుకుంది. అనలేదు. ఎనిమిదేళ్ళుగా చుట్టాలకు ఉత్తరాల్లో 'మా ఇంజనీరుగారు' అని రాసింది తనే. టెక్నీషియన్ల భార్యలు ఇండియాలోనే ఉండిపోతే, వాళ్ళ గురించి ఫోన్లో చులకనగా మాట్లాడిందీ తనే. పక్కనున్న మనిషి మీద జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం చూసింది. కలగలేదు. చెమటపట్టిన ఆ మెడను చూస్తే ఒళ్ళు మండింది.

అంతలోనే ఆమె బుర్ర లెక్క కట్టడం మొదలుపెట్టింది. "ఆ సర్టిఫికెట్ ఎలా వచ్చింది?"

"కొరియర్లో, ఇంటికి. ఆయన అప్పుడు సెలవు మీద హైదరాబాద్‌లో ఉన్నాడు. లోపల ఒక ఉత్తరం పెట్టాడు, ఎక్కడ సంతకం చెయ్యాలి, ఎవరడిగితే ఏం చెప్పాలి అని."

"ఆయన చేతిరాతతోనా?"

"అవును."

"అది పారెయ్యలేదు కదా?"

"లేదు, పారెయ్యలేదు గానీ..."

సువర్చల అప్పటికే తలుపు తీసింది. భర్త మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆమెకు ఎప్పుడూ అలవాటు లేదు. ఈ రోజు అసలే లేదు.

షెడ్డులో అమర్నాథ్ టీ తాగుతున్నాడు. గౌస్ బల్ల మీద స్టీలు ప్రొపెల్లర్ తళతళలాడుతోంది.

"తెలుసుకున్నావా?" అన్నాడు అమర్నాథ్.

"తెలుసుకున్నాను. దొంగ సర్టిఫికెట్ పెట్టుకున్నవాడు పిరికివాడు. అది చేయించి ఇచ్చి, వాడి చేత పడవ కడిగించుకున్నవాడికి ఇంకో పేరుంటుంది. ఆ పేరు రేపు జి.ఎం. గారే పెడతారు. మీరు కొరియర్లో పంపిన ఉత్తరం మా ఇంట్లో ఉంది. మీ దస్తూరీ చాలా అందంగా ఉంటుందట."

టీ కప్పు ఆయన పెదాల దగ్గర ఆగింది. తర్వాత కప్పు బల్ల మీద పెట్టి, లేచి నిలబడ్డాడు. కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కూర్చోమ్మా."

"అక్కర్లేదు. గౌస్ భాయ్, ఆ స్టీల్‌ది తీసి గోడకు తగిలించండి. అల్యూమినియం, పదిహేను. కొత్త పిన్ను కూడా."

గౌస్ అమర్నాథ్ మొహం చూశాడు.

"ఆవిడ చెప్పింది వెయ్యి" అన్నాడు అమర్నాథ్, మెత్తగా. "అమ్మాయికి తెలివుంది. నేనే గమనించలేదు. రేపు ఏడింటికి రేవు దగ్గరికి రండి. పాపనూ తీసుకురా. జి.ఎం. గారికి పిల్లలంటే ఇష్టం."

పిన్ను బిగించి, దాని కాళ్ళు రెండు వైపులా వంచేదాకా సువర్చల అక్కడే నిలబడి చూసింది. గౌస్ చేతులు కడుక్కుంటూ గొంతు తగ్గించి, "ఇరవై ఏండ్లలో ఆ సార్ లేచి కుర్చీ ఇచ్చేది నేను చూళ్ళేదమ్మా. నువ్వు బద్రం" అన్నాడు. ఆమె దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

కార్లోకి వచ్చి కూర్చుని తలుపు వేసింది. "చూశారా? రెండు నిమిషాలు. మీరు నాలుగేళ్ళు వంగి నడిచింది ఈ మనిషి ముందు. గట్టిగా నిలబడితే లేచి కుర్చీ ఇచ్చేవాడి ముందు."

"ఏం చెప్పావు ఆయనకు?"

"ఉత్తరం మన దగ్గరుందని."

హరనాథ్ ఆమె వైపు తిరిగాడు.

"నేను చెప్పేది పూర్తిగా వినకుండా వెళ్ళిపోయావు. పారెయ్యలేదన్నాను. మన దగ్గరుందని అనలేదు. పోయిన శనివారం ఆయనే అడిగాడు. లిస్టు పని మొదలవుతోంది, అలాంటి కాగితం నీ దగ్గర ఉండడం మంచిది కాదన్నాడు. తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను."

ఉత్తరం తన దగ్గరే పెట్టుకున్న మనిషి, ఆమె మాటలు వట్టివని తెలిసి కూడా, లేచి నిలబడ్డాడు. కుర్చీ ఇచ్చాడు. పాపను తీసుకురమ్మన్నాడు.

అద్దంలోంచి చూసింది. అమర్నాథ్ షెడ్డు బయట నీడలో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతూనే వీళ్ళ కారు వైపు చూసి, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. ఆ ఫోను పెట్టేసి ఇంకో నంబరు నొక్కాడు.

హరనాథ్ జేబులో ఫోను మోగింది. అతను కదల్లేదు. సువర్చల చెయ్యి పెట్టి తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"నువ్వే ఎత్తావా, మంచిదే" అన్నాడు అమర్నాథ్. "జి.ఎం. గారితో ఇప్పుడే మాట్లాడానమ్మా. మన హరనాథ్ సర్టిఫికెట్ మీద నాకు అనుమానంగా ఉందని చెప్పాను. రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే ఆఫీసుకు రమ్మంటున్నారు. మీ ఆయన ఒరిజినల్స్ అన్నీ పట్టుకుని నువ్వూ రా. ఆ ఉత్తరం కూడా తెచ్చుకో. ఉంటే."